మెటికల చప్పుడు

గుంటూరు,
జూలై, శుక్రవారం.

ప్రియమైన అక్కయ్యకు,

దానయ్య వందనాలతో రాయునది. నీ ఉత్తరం అందింది. ఫోను చేయవద్దని నువ్వు చెప్పినప్పటినుంచి పోస్టుమాన్ రాకకోసం వాకిట్లో నిలబడటం నాకు అలవాటయింది. నా గొంతు అచ్చం మార్క్ గొంతులా ఉంటుందనీ, ఫోనులో వింటే కన్నతల్లివి తట్టుకోలేకపోతున్నావనీ అన్నావు. మేనమామ పోలిక వచ్చిన మగబిడ్డ అదృష్టవంతుడని మన అమ్మ అనేది. ఆ సంగతి ఇంతకంటే రాయను.

ఒకప్పుడు పొగాకు ఆరబెట్టి, ఇప్పుడు మూతపడిన బ్యారన్‌లో మార్క్ పెట్టిన వ్యాయామశాలను మళ్ళీ తెరుస్తానంటున్నావు. పోయిన సెప్టెంబరులో డెంగీ జ్వరం వాడిని తీసుకుపోయిన నాటినుంచి అది తాళంలోనే ఉంది. సామాను క్షేమంగా ఉండాలంటే ఏమేమి చూడాలని అడిగావు. పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా నేర్చుకున్నదీ, తరువాత ఈ ఊరి జిమ్ముల్లో యంత్రాలు విప్పి బిగించి తెలుసుకున్నదీ కలిపి వరుసగా రాస్తున్నాను.

మొదటిది, బరువులను పైకి లాగే ఉక్కు తాడు. దానిని పాత గుడ్డతో చుట్టి పట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరకు జరుపు. గుడ్డకు పోగు తగులుకుంటే ఆ తాడు ఇక పనికిరాదు. వట్టి చేత్తో తడమవద్దు, గుచ్చుకుంటుంది.

రెండవది, బెంచీ. రెగ్జిన్ కింద ఉన్నది చెక్క. ఇన్ని నెలలు మూసి ఉన్న గదిలో చెదలు పట్టకుండా ఉండవు. తిరగవేసి, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు.

మూడవది, బోల్టులు. కదిలే వస్తువుకు బిగించిన బోల్టు తనంతట తాను వదులవుతుంది. వారానికొకసారి స్పానరు వేయాలి.

నాలుగవది, పిల్లలు పట్టుకుని వేలాడే ఇనుప చట్రం. దానిని మార్క్ తన చేతులతో వెల్డింగు చేశాడు. అతుకుల దగ్గర రంగు పగిలిందేమో, తుప్పు గీత దిగిందేమో చూడు. ఇనుము తన బాధను ముందుగా రంగుమీద చెబుతుంది.

ఇవి అయ్యేవరకూ ఎవరినీ లోపలికి రానివ్వకు.

నీ తమ్ముడు,
దానయ్య.

*

పర్చూరు,
ఆగస్టు, మొదటి ఆదివారం.

తమ్ముడు దానయ్యకు,

జయకుమారి అక్క దీవెనలు. నీ ఉత్తరం చదువుతుంటే సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడు గుర్తొచ్చాడు. ఏడో తరగతితో బడి మానేసినవాడివి, బడిలో ముప్పై ఏళ్ళు చెప్పిన నాకంటే చక్కగా రాస్తున్నావు.

చెప్పినవన్నీ చేశాను. బెంచీలో చెదలు నిజమే, వడ్రంగి కొత్త చెక్క వేశాడు. తాడుకు పోగులు లేవు. కానీ బరువులు పైకీ కిందకీ పోతుంటే గీపెడుతున్నాయి. పక్క షెడ్డులో వెల్డింగు చేసుకునే సుభానీ నీకు తెలుసు కదా, మార్క్‌ని తమ్ముడిలా చూసుకునేవాడు. అతను ఊళ్ళో లేకపోవడంతో బరువులు జారే ఊచలకు నేనే కొబ్బరినూనె పూశాను.

వ్యాయామశాల తెరిచాను. పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో సిద్ధమయ్యే పిల్లలు పొద్దునా సాయంత్రం వస్తున్నారు. వాళ్ళలో రెబెకా అనే పిల్ల ఉంది. ఎలీసమ్మ మనవరాలు. పొగాకు గ్రేడింగుకు పోయే ఎలీసమ్మ, మన చర్చిలో ముందు వరసలో కూర్చుని గట్టిగా పాడుతుందే, ఆమె. ఈ పిల్ల గాలిలా పరుగెత్తుతుంది. చదువూ ఉంది. ఎత్తు మాత్రం కానిస్టేబులుకు కావలసినదానికి కాస్త తక్కువ. వేలాడితే పొడుగవుతారని ఎవరో చెప్పారట. వచ్చీ రాగానే మార్క్ చట్రం పట్టుకుని వేలాడుతుంది.

"ఒక్క వేలెడు పెరిగితే చాలు టీచరమ్మా, ఉద్యోగం నాదే," అంటుంది.

నిన్న సుభానీ వచ్చి చూసి, "ఏమే పిల్లా, వేలాడితే మనుషులు పెరిగేటట్టయితే ఈ బ్యారన్‌లో గబ్బిలాలు ఈపాటికి తాటిచెట్లంత అయ్యుండాల్సింది!" అన్నాడు. బ్యారన్ అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను తమ్ముడూ. నవ్విన తరువాత భయం వేసింది.

ఎండ పడితే గోడల్లోంచి ఇంకా పొగాకు వాసన వస్తుంది. వాడి చొక్కాలకు ఉండే వాసన.

అక్క.

*

గుంటూరు,
సెప్టెంబరు, సోమవారం.

అక్కయ్యకు వందనాలు.

కొబ్బరినూనె వెంటనే తుడిచివేయి. అది దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. మన వైపు పత్తి పోగు గాలిలో తిరిగే కాలం వస్తోంది. నూనెమీద పోగు పేరుకుంటే బంక అవుతుంది, బంక బరువులను పట్టుకుంటుంది. ఊచలకు సిలికాన్ నూనె మాత్రమే, అదీ గుడ్డకు పూసి తుడవాలి. మిర్చి యార్డు దారిలో ఉన్న ఒక జిమ్ములో నిన్న ట్రెడ్‌మిల్లు మోటారు విప్పాను. లోపలంతా ఎర్రటి మిరప దుమ్ము. నేనూ తుమ్మాను, యజమానీ తుమ్మాడు, వ్యాయామానికి వచ్చిన లావుపాటి వ్యాపారి బెల్టుమీద నిలబడి దేవుణ్ణి తలుచుకున్నాడు.

చట్రం గురించి నువ్వు ఏమీ రాయలేదు. నా జాబితాలో నాలుగవది అది. రంగు పగలలేదా? తుప్పు లేదా? మరొక సంగతి, చప్పుడు. బరువు పడినప్పుడు చప్పుడు చేసే ఇనుమును నమ్మవద్దు. క్షేమంగా ఉన్న చట్రం మూగది.

ఈ నెల ఎలాంటిదో నాకు తెలుసు. నువ్వు రమ్మంటే వస్తాను. నోరు తెరవకుండా కూర్చుని వెళతాను.

దానయ్య.

*

పర్చూరు,
నవంబరు, సమాధుల పండుగ అయిన వారం.

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ రాయలేదు. సెప్టెంబరు ఎలా గడిచిందో అడగకు. నువ్వు వస్తానన్నందుకు సంతోషం, కానీ రావద్దు. నోరు తెరవకపోయినా నువ్వు దగ్గుతావు, దగ్గు కూడా వాడిదే.

సమాధుల పండుగకు మార్క్ సమాధి కడిగించి, సున్నం వేయించి, శిలువకూ చుట్టూ ఉన్న ఇనుప కంచెకూ వెండి రంగు వేయించాను. రెబెకా, మిగతా పిల్లలు బంతిపూలు తెచ్చి కొవ్వొత్తులు వెలిగించారు. ఎలీసమ్మ పాట ఎత్తుకుంది. బాగా జరిగింది.

డబ్బాలో రంగు మిగిలింది. వాడి శిలువకు వేసిన రంగు పారబోయడానికి మనసు ఒప్పలేదు. మరునాడు నేనే కుర్చీ ఎక్కి చట్రమంతటికీ పూశాను. నువ్వు అడిగావు కదా, ఒక మూల అతుకు కిందనుంచి తుప్పు కన్నీటి చారలా దిగింది. దాన్ని చూడలేక అక్కడ రెండు పూతలు వేశాను. ఇప్పుడు చట్రం పెళ్ళిపందిరి రాటలా మెరుస్తోంది.

నీకొక్కడికే ఒక మాట చెబుతాను, నవ్వకు. మార్క్ వ్యాయామం మొదలుపెట్టే ముందు మెటికలు విరుచుకునేవాడు, గుర్తుందా? ఆడపిల్లలా అదేమిటిరా అని నేను తిట్టేదాన్ని. ఈమధ్య రెబెకా వేలాడినప్పుడల్లా ఆ మూలనుంచి 'టిక్' మని ఒక చిన్న చప్పుడు వస్తోంది. అచ్చం వాడి మెటికల చప్పుడే. మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను. ఇప్పుడు సాయంత్రంపూట ఆ మూలనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. "ఇంకోసారి వేలాడవే," అంటే రెబెకా సంబరంగా వేలాడుతుంది.

రాత్రి నిద్ర పడుతోంది తమ్ముడూ. ఏడాది తరువాత.

అక్క.

*

గుంటూరు,
నవంబరు, ఉత్తరం అందిన పూటే.

అక్కయ్యా,

నీ మాట మీరి ఫోను చేశాను. "అక్కయ్యా" అనగానే పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఆపివేసి ఉంది. వేరే దారి లేక సుభానీకి చేసి, బ్యారన్‌కు తాళం వేయమన్నాను.

ఆ చప్పుడు మార్క్‌ది కాదు. ఇనుము చీలుతున్న చప్పుడు. దయచేసి ఆ చట్రం కింద ఎవరినీ నిలబడనివ్వకు. నువ్వు కూడా కూర్చోకు.

దానయ్య.

*

పర్చూరు,
నవంబరు, గురువారం.

ఒరేయ్ దానయ్యా,

నా బిడ్డ చోటుకు తాళం వేయించడానికి నువ్వెవరివిరా?

ఊళ్ళో అందరి ముందూ సుభానీ తాళం పట్టుకొచ్చాడు. రెబెకా అప్పుడే చట్రం పట్టుకుని ఉంది. "టీచరమ్మ గారూ, తప్పుకోండి. దానయ్య ఫోను చేశాడు, తాళం వేసెయ్యమన్నాడు," అన్నాడు.

"ఎవరి బ్యారన్‌కి ఎవరు తాళం వేసేది సుభానీ?" అన్నాను.

"రేపు ఆ పిల్ల నడుం విరిగితే ఎలీసమ్మకి మీరు చెప్తారా, నేను చెప్పాలా? తిట్టేది తర్వాత తిట్టండి. ముందు ఆ పిల్లని దిగమనండి!" అని నామీద గట్టిగా అరిచాడు. ఇరవయ్యేళ్ళ పరిచయంలో నామీద గొంతెత్తని మనిషి.

రెబెకా దిగింది. దిగుతున్నప్పుడు కూడా ఆ చప్పుడు వచ్చింది. అదే నేను విన్న ఆఖరిది.

పిల్లలు బయట రోడ్డుమీద దండీలు తీస్తున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి తాళం చూస్తున్నాను. నీకు ఇనుము తప్ప ఏమీ వినపడదు. ఇంత దుఃఖంలో నాకు దొరికిన ఒక్క ఓదార్పునూ నీ జాబితాలో తప్పుగా రాసుకున్నావు. వాడు చేసిన అతుకు చీలుతుందని అంత ధీమాగా ఎలా చెబుతావు? నువ్వు దాన్ని కళ్ళతో చూశావా?

ఇక రాయకు.

జయకుమారి.

*

గుంటూరు,
డిసెంబరు, మొదటి వారం.

పూజ్యురాలైన అక్కయ్యకు,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటి రాసి ఆపుతాను.

చూశావా అని అడిగావు. చూడలేదు. చూడనిదాన్ని చూశానని నేను ఎన్నడూ రాయలేదు. అందుచేత నువ్వే చూడు. ఎలాగో చెబుతాను.

తుప్పు చార దిగిందన్న మూలలో రంగును గరుకు కాగితంతో పూర్తిగా గీకివేయి. ఇనుము తెల్లగా బయటపడాలి. పరీక్షించని అతుకు మీద రంగు వేయకూడదనే మేము నేర్చుకున్నాం. రంగు అందం ఇస్తుంది, కళ్ళు కప్పుతుంది. కిరోసిన్ ఇప్పుడు దొరకదు కాబట్టి సుభానీ దగ్గర కాస్త డీజిలు తీసుకుని గుడ్డతో ఆ చోట తడుపు. కాసేపు ఆగి, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచివేయి. ఆ తరువాత సుద్దముక్క తీసుకుని దానిమీద బాగా రుద్దు. బోర్డుమీద రాసినట్టు కాదు, పూసినట్టు.

చీలిక లేకపోతే సుద్ద తెల్లగానే ఉంటుంది. అప్పుడు సుభానీ చేత తాళం తీయించి, నన్ను తిట్టి ఉత్తరం రాయి. చీలిక ఉంటే, లోపల ఇంకిన డీజిలు సుద్దమీదకు గీతగా ఊరివస్తుంది.

నాకు ఇనుము తప్ప వినపడదన్నావు. నిజమే కావచ్చు. నా ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను నా గొంతుతోనే "మావయ్యా" అని ఒకసారి అనుకుని చూస్తాను. వాడు పిలిచినట్టే ఉంటుంది. అందువల్ల నీకు ఆ చప్పుడు ఎలా వినిపించి ఉంటుందో నాకు బొత్తిగా తెలియదని అనుకోకు.

దానయ్య.

*

పర్చూరు,
డిసెంబరు, క్రిస్మసుకు ముందు.

తమ్ముడూ,

గీకాను. సుభానీ చేస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. రెబెకా నిచ్చెన పట్టుకుంది. శిలువకు వేసిన రంగును గీకుతుంటే నా గోళ్ళు ఊడదీస్తున్నట్టుంది. వెండి పొడి నా చీరమీద, ఆ పిల్ల తలమీద రాలింది.

డీజిలు తడిపి, తుడిచి, సుద్ద రుద్దాను. బడిలో నా చేతిలో అరిగిన సుద్దముక్కలెన్నో, ఇలా వాడతానని ఎన్నడూ అనుకోలేదు. కాసేపు ఏమీ లేదు. "ఏం లేదు కదా టీచరమ్మా," అంది రెబెకా. నీమీద గెలిచానని అనుకున్నాను. అంతలో ఒక అంచునుంచి నల్లగా, తలవెంట్రుకంత సన్నగా ఒక గీత పుట్టింది. మేము చూస్తూ ఉండగానే అతుకు చుట్టూ సగందాకా పాకింది.

రెబెకా నిచ్చెన వదలకుండా తలెత్తి ఆ గీతనే చూసింది. తరువాత, "మీరు వేలాడమన్నప్పుడల్లా వేలాడాను కదా టీచరమ్మా," అంది. అంతే అంది. నన్ను తప్పు పట్టి అనలేదు. అందుకే ఆ మాట నన్ను వదలడం లేదు.

సుభానీ ఆ అతుకును కోసి తీశాడు. ఆర్టీసీ కార్గోలో నీకు పంపుతున్నాను. దాన్ని చూసి చెప్పు. తుప్పు వల్ల చీలిందా, లేక మార్క్ పని సరిగా చేయలేదా? నేను బాధపడతానని మార్చి రాయవద్దు. తప్పుకు ఒప్పు గుర్తు పెట్టే అలవాటు మన ఇద్దరిలో ఎవరికీ లేదు.

అక్క.

*

గుంటూరు,
జనవరి, మొదటి బుధవారం.

అక్కయ్యకు,

ముక్క అందింది. బల్లమీద పెట్టుకుని రాస్తున్నాను.

మొదట ఒక ఉత్తరం రాశాను. తుప్పు వల్ల జరిగిందని, ఎవరి తప్పూ లేదని అందులో ఉంది. చక్కగా కుదిరింది. పోస్టు చేయలేకపోయాను.

తుప్పు కారణం కాదు. తుప్పు తరువాత వచ్చింది. అతుకు లోపలికి పట్టలేదు. కరిగిన లోహం రెండు గొట్టాల్లోకి దిగి ఒకటి కావాలి. ఇక్కడ అది గోడమీద కొట్టిన పిడకలా పైపైన కూర్చుంది. సుభానీని అడిగాను. వేసవిలో ఒక సాయంత్రం, పొలాల్లో మోటార్లన్నీ నడుస్తూ కరెంటు బాగా తగ్గిన వేళ, మార్క్ ఈ మూల ఒక్కటీ మిగిలిందని పట్టుబట్టాడట. "పొద్దున చేద్దువులేరా," అంటే, "పొద్దున్నే పిల్లలొస్తారు భాయ్, నేను వేసేస్తాగా," అన్నాడట. కరెంటు చాలనప్పుడు వేసిన అతుకు చూడటానికి అతుకులాగే ఉంటుంది.

తప్పు వాడిదే అక్కయ్యా. మిగిలిన మూలలు పగటిపూట వేసినవి. సుభానీ వాటినీ సుద్దతో పరీక్షించాడు. గట్టిగా ఉన్నాయి. వాడు పని తెలియనివాడు కాదు, పడుచువాడు, తొందరపడ్డాడు. బతికి ఉంటే రెండేళ్ళకు తన అతుకు తానే చూసుకుని, సిగ్గుపడి, కోసి మళ్ళీ వేసేవాడు. మేమందరం అలా నేర్చుకున్నవాళ్ళమే. వాడికి ఆ వ్యవధి దొరకలేదు.

ఆ మూలను సుభానీ పట్టపగలు, కరెంటు నిండుగా ఉన్నప్పుడు వేయాలి. రంగు వేయవద్దు. పిల్లలు పట్టుకునే ముందు చట్రానికి మిరపకాయల బస్తాలు కట్టి, ఒక పూట వేలాడదీసి, దగ్గర నిలబడి వినాలి. ఇంకా రాయవలసినవి ఉన్నాయి. ఈరోజు వరుస కుదరడం లేదు.

ముక్కను తిప్పి పంపమంటే పంపుతాను. నా దగ్గరే ఉంచుకోమంటే ఉంచుకుంటాను. దానిమీద నువ్వు గీకని పక్క, వెండి పూత కింద, వాడి బొటనవేలి ముద్ర పడి ఉంది, పాత రంగులో.

దానయ్య.

*

పర్చూరు,
జనవరి, మూడవ శుక్రవారం.

తమ్ముడు దానయ్యకు,

ముక్క నీ దగ్గరే ఉంచు. నాకు సమాధి ఉంది. నీకు అక్కడ ఏమీ లేదు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బ్యారన్ వైపు పోలేదు. ఆ తరువాత వింతగా ఒక సంగతి జరిగింది. పోయినప్పటినుంచి మార్క్ నా కళ్ళముందు తెల్లబట్టల్లో, కొవ్వొత్తుల మధ్య కనబడేవాడు. నీ ఉత్తరం తరువాత కరెంటు చాలని సాయంత్రం, చెమటతో, "నేను వేసేస్తాగా" అంటూ కనబడ్డాడు. ఎవరి మాటా వినని నా కొడుకు. చాలా రోజుల తరువాత వాడిమీద కోపం వచ్చింది. వాడిని తిట్టుకుంటూ ఏడ్చాను. 

సుభానీ మధ్యాహ్నం వేళ అతుకు వేశాడు. రంగు వేయనివ్వలేదు. నువ్వు చెప్పినట్టే మిరపకాయల బస్తాలు కట్టాం. బ్యారన్ అంతా తుమ్ములు. "దానయ్య అక్కడ కూర్చుని మనకి కారం కొట్టాడండీ," అన్నాడు సుభానీ. ఎలీసమ్మ కూడా వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బస్తాల కింద చెవి ఒగ్గి నిలబడింది. నా కళ్ళలోకి చూసి, "నువ్వు విన్నావా టీచరమ్మా?" అని అడిగింది.

"లేదు ఎలీసమ్మా. ఏమీ వినపడలేదు," అన్నాను. అప్పుడు మనవరాలిని ముందుకు తోసింది.

రెబెకా వేలాడింది. చట్రం మూగది. పిల్ల ఊగింది, ఒక చేత్తో వేలాడింది, మొగపిల్లలు ఈలలు వేశారు. ఏ చప్పుడూ లేదు. నువ్వు రాసినట్టే క్షేమంగా ఉంది.

పిల్లలందరూ వెళ్ళాక అలవాటుగా ఆ మూలనే కుర్చీలో కూర్చున్నాను. చట్రంమీద చెయ్యి వేశాను, చల్లగా ఉంది. బ్యారన్ అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎన్నడూ వినలేదు. వాడు లేడని ముందటేడు సెప్టెంబరులో అందరూ నాకు చెప్పారు తమ్ముడూ. నాకు తెలిసింది నిన్న సాయంత్రం.

ఆదివారం చర్చినుంచి వచ్చాక ఇంట్లోనే ఉంటాను. ఫోను చెయ్యి. నేను మాట్లాడలేకపోతే పెట్టెయ్యకు. నువ్వు మాట్లాడుతూ ఉండు. ఏం మాట్లాడాలో తోచకపోతే నీ జాబితా ఏదైనా చదువు. బోల్టుల గురించయినా సరే.

అక్క.